ఇల్లు ఖాళీ అన్న పాపానికి

గాలివానకు ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళను మీరు చూసి ఉంటారు. అన్నదమ్ముల వ్యాజ్యంలో పోగొట్టుకున్నవాళ్ళనూ చూసి ఉంటారు. ఒకే ఒక్క తెలుగు మాటతో, అదీ ఎవరూ బలవంతపెట్టకుండా, ఫోనులో నవ్వుతూ చెప్పి మరీ ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి చూడాలని ఉంటే ఆత్మకూరు రండి. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు పక్కన, మూటలు మోసి మోసి ఒక భుజం కిందికి దిగిపోయిన మనిషి కనిపిస్తాడు. అది నేనే. పేరు జయరాజు. పిల్లలకు చెప్పేది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, తెలుగు.

ఆత్మకూరులో మేము అద్దెకున్న ఇల్లు, ఉదయగిరిలో చెక్క గరిటెల వ్యాపారం చేసే మస్తాన్ సాయిబు గారిది. పెళ్ళయిన కొత్తలో అందులో దిగి, ఇక లేవలేదు. ఆయన ఎన్నడూ పొమ్మనలేదు, మేమెన్నడూ పోతామనలేదు. మా అమ్మకు చూపు మందగించింది ఆ ఇంట్లోనే. డాక్టర్లు ఇక లాభం లేదన్న తర్వాత కూడా ఆమె ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మంచం దిగి, ఇనప పెట్టె మీద చెయ్యి వేసి, బియ్యం డ్రమ్ము దగ్గర మలుపు తిరిగి, కుట్టుమిషను పక్కగా వంటింట్లోకి వెళ్ళి తన కాఫీ తానే కలుపుకొనేది. "నా కళ్ళు పోతే పోయినాయిలేరా, ఇల్లు నన్ను చూస్తా ఉండాది" అనేది. గడప దాటితే మాత్రం నా భుజం కావాల్సిందే. అందుకని ఆ ఇల్లు వదిలే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ కలలో కూడా లేదు. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను మీరు అనుమానించకుండా.

అయితే ఆ ఇంట్లో మనుషులం ముగ్గురం, సామాను ముప్పై మందిది. గిన్నె లేని మూతలు, మూత లేని గిన్నెలు, రెక్కలు లేని ఫ్యాను, ఫ్యాను లేని రెక్కలు. పెళ్ళికి వచ్చిన బంధువులందరూ, ఈ పిల్లవాడికి కాలం విలువ తెలియదని ముందే కూడబలుక్కున్నట్టు, గోడ గడియారాలే ఇచ్చారు. ఒక్కటీ ఇప్పుడు నడవదు, ఒక్కటీ పారేయలేము. "ఎప్పటికైనా పనికొస్తుంది" అనే మాట మా ఇంటి గడప మీద రాసి ఉండాల్సింది. రాయడానికి గడప కనిపించాలి కదా.

అలాంటి రోజుల్లో ఫోనులో ఒక వీడియో చూశాను. తెల్లటి గోడలు, తెల్లటి నేల, మధ్యలో ఒక కుర్చీ, ఒక పూలకుండీ, నవ్వుతున్న ఒక ఆవిడ. ఇంట్లో బరువు తగ్గితే మనసులో బరువు తగ్గుతుందట. పారేయడానికి ప్రాణం ఒప్పకపోతే సామాన్లకు బయట గది అద్దెకు తీసుకొని అందులో పెట్టాలట. పట్నాల్లో అలాంటి గదులు వరసగా ఉంటాయట. నాకు మనసులో బరువు లేదు. ఆవిడ చెప్పాక వచ్చింది.

నా భార్య ప్రమీలతో అన్నాను. మిషను తొక్కుతూ వింది.

"ఇంట్లో పెట్టుకోలేనిది పారేయండి. పారేయలేనిది ఇంట్లో పెట్టుకోండి. రెండూ గాకుండా ఇంగో గదికి అద్దె కట్టేదేంది?"

"నీకు అర్థం కాదులే. ఇది కొత్త పద్ధతి."

"అర్థం అయ్యే అడగతా ఉండా."

తెలివైన మాట విన్నప్పుడు వెంటనే నోరు మూసుకోవడం పెద్దల లక్షణం. నేను చెప్పులు వేసుకొని బయటికి వెళ్ళిపోయాను.

ఆత్మకూరులో అలాంటి గదులు లేవు. సిమెంటు కొట్టు చెంచురామయ్య గారికి మాత్రం గిరాకీ లేక మూసిపెట్టిన షట్టరు గది ఒకటి ఉంది. వెళ్ళి అడిగాను. ఆయన సంతోషించాడు.

"ఏం యాపారం పెడతారు అయ్యోరా?"

"వ్యాపారం కాదండీ. సామాను పెడతాను."

"అదే, ఏం సామాను? అమ్మేదానికేగా?"

"అమ్మేదానికి కాదు. ఊరికే పెట్టేదానికి."

"పెట్టి?"

"పెట్టి, తాళం వేసుకుంటాను."

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "తాళం మీ ఇంట్లో గూడా ఏసుకోవచ్చు గదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆడమనిషితో ఏమన్నా మాటా మాటా అనుకున్నారా అయ్యోరా? నాకు చెప్పండి, ఎవురికీ చెప్పను" అన్నాడు. చెంచురామయ్య గారు ఎవరికీ చెప్పనన్న సంగతి సాయంత్రానికి కలువాయి దాకా పోతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. "అట్లాంటిదేం లేదండీ, సామాను ఎక్కువైంది" అన్నాను.

"సామాను ఉండేచోట మనిషి ఉండాల. మనిషి ఉండేచోట సామాను ఉండాల. రెండూ రెండు చోట్ల ఉంటే అది కాపరం గాదు, కోర్టు కేసు" అని తాళంచెవి చేతిలో పెట్టాడు.

ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ట్రాలీ ఆటో పిలిచేవాణ్ణి. గడియారాలు పోయాయి, మూతలు పోయాయి, చివరికి ఒక ఆదివారం ఇనప పెట్టె కూడా పోయింది. నాకు ఊపు వచ్చింది. ఊపు వచ్చినవాడికి ఏది పనికొచ్చేదో ఏది పనికిరానిదో తెలియదు. బియ్యాన్ని చిన్న డబ్బాలో పోసి అదే ఆటోలో డ్రమ్ము కూడా ఎత్తించాను. గోడలు కనిపించాయి. మా ఇంటికి గోడలున్నాయనే నమ్మకం మీదే అప్పటిదాకా బతికాము.

ఆ సాయంత్రమే, సరిగ్గా ఆ గర్వంలో ఉండగా మస్తాన్ సాయిబు గారి ఫోను వచ్చింది. మామూలు క్షేమసమాచారాలకే. నేనే ఆగలేకపోయాను.

"సాయిబు గారూ, ఇల్లు ఖాళీ చేస్తా ఉండానండీ!"

అవతల కాసేపు మాట లేదు.

"ఏమయ్యా జయరాజూ, ఏమన్నా ఇబ్బంది అయినాదా?"

"ఇబ్బందే గదండీ. లోపల ఊపిరాడడం లేదు. ఇన్నాళ్ళు ఇట్టాంటి ఇంట్లో ఎట్ట ఉన్నామా అని ఇప్పుడనిపిస్తా ఉండాది."

"అట్నా." ఆయన గొంతు కొంచెం బొంగురుపోయింది. జలుబు చేసిందనుకున్నాను. "ముందే ఒక మాట చెప్పి ఉంటే నేనేమన్నా చేసి ఉందును గదయ్యా."

"మీరేం చేస్తారులెండి, ఇది మేము చేసుకోవాల్సిన పనే."

"అమ్మకు ఇష్టమేనా? పెద్దామె..."

"నేను చెప్పినాక ఇంక వాళ్ళదేముందండీ."

"సరే, మీ ఇష్టం. ఎప్పటికి అవతాది?"

"ఈ నెలాఖరుకల్లా పూర్తిగా ఖాళీ చేసేస్తాను. మాటంటే మాటే."

"మాటంటే మాటే గదా?" అని ఆయన మళ్ళీ అడిగాడు.

"తెలుగు అయ్యవారి మాటండీ!" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము అని పిల్లలకు ఏటా చెబుతాను, పరీక్షలో అడుగుతాను, రాయనివాళ్ళకు మార్కులు కోస్తాను. ఆ రోజు నా నోరు జారింది. జారిందని కూడా తెలియనంత నున్నగా జారింది.

మరుసటి ఉదయం హాల్లోంచి అమ్మ కేక వేసింది. పరిగెత్తాను. గది నడుమ నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి, గాలిని తడుముతోంది. నుదురు బొప్పి కట్టి ఉంది.

"జయా! పెట్టె ఏడరా?"

"షట్టరు గదిలో ఉందమ్మా."

"డ్రమ్ము?"

"అదీ అక్కడే."

"ఇప్పుడు నేనేడుండానురా?"

"హాలు నడిమధ్యలో ఉన్నావమ్మా."

"నడిమధ్య అంటే ఏందిరా? ఏ పక్కకి నడిమధ్య?"

ఆమె సామాన్ల మధ్య దారి దొరక్క తడుముకుంటోందని నేను ఇన్నేళ్ళూ జాలిపడ్డాను. ఆ సామాన్లే ఆమె దారి. చెయ్యి పట్టుకొని మంచం దగ్గరికి తీసుకొచ్చాను. ఆ ఇంట్లో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

బుద్ధి ఉన్నవాడైతే ఆ పూటే ఆటో పిలిచి డ్రమ్మును వెనక్కి తెచ్చేవాడు. తెస్తే చెంచురామయ్య గారు నవ్వుతారని నేను తేలేదు. దానికి బదులు మంచం కోడు నుంచి వంటింటి తలుపు దాకా ఒక నైలాన్ తాడు కట్టి, "ఇది పట్టుకొని నడువమ్మా" అన్నాను.

"నన్ను గేదెను చేసినావు గదరా" అంది అమ్మ.

మధ్యాహ్నానికి ప్రమీల ఆ తాడు మీద తడి చీరలు ఆరేసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, కొత్తగా పెళ్ళయినట్టున్న జంట ఒకటి గుమ్మంలో నిలబడింది. కలిగిరి నుంచి వచ్చారట. అబ్బాయికి ఇక్కడ ఉద్యోగం.

"మస్తాన్ సాయిబు గారు చెప్పినారండీ, ఇల్లు బాగుంటాది, ఒకసారి చూసిరండని."

నా గుండె పొంగింది. చూశారా, సాయిబు గారు నా కొత్త పద్ధతిని ఉదయగిరి నుంచి కలిగిరి దాకా చాటుతున్నాడు! కొత్త కాపురం పెట్టేవాళ్ళు నేర్చుకోవాలనే కదా ఇంత దూరం పంపించాడు! ప్రమీల కుట్టిన గుడ్డలివ్వడానికి వెళ్ళింది కాబట్టి నేనే ఇల్లంతా తిప్పి చూపించాను.

"ఇదిగో, ఈ గది చూడండి, ఎంత ఖాళీగా ఉందో."

"గాలి బాగా వస్తా ఉండాదండీ" అందా అమ్మాయి.

"వస్తుంది మరి! ముందు రాదు. అంతా నేను చేసిందే."

"ఇంకా కొంచెం సామాను ఉన్నట్టుండాదే?" అన్నాడు అబ్బాయి.

"నెలాఖరుకు అదీ ఉండదు. మీరేం దిగులుపడొద్దు."

"మంచం ఏ పక్కన ఏసుకుంటే బాగుంటాదండీ?"

"కిటికీ పక్కన. అల్మారా మాత్రం ఆ గోడకు పెట్టకండి, చెమ్మ." పాఠం చెప్పే అలవాటు కదా, చెమ్మ ఎందుకొస్తుందో కూడా వివరించాను. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని సిగ్గుపడుతూ నవ్వుకున్నారు. కత్తి నూరుకుంటున్న కసాయికి తన మెడ ఎక్కడ మెత్తగా ఉంటుందో గొర్రె వెళ్ళి చూపించిందని విన్నారా? నేను విన్నాను, ఆ గొర్రె గొంతుతోనే.

వాళ్ళు వెళ్తుంటే మంచం మీద నుంచి అమ్మ అడిగింది: "ఎవుర్రా వాళ్ళు?"

"మన ఇల్లు చూసి నేర్చుకోవడానికి వచ్చారమ్మా."

"ఏం నేర్చుకుంటారు, గోడకు గుద్దుకునేదా?"

కొత్త నెల వచ్చిన మొదటి ఉదయం. ఇంటి ముందు లారీ ఆగింది. దాంట్లోంచి మంచాలు, బీరువా, పరుపులు దిగుతున్నాయి. ఆ అమ్మాయి తలస్నానం చేసి, పసుపు రాసిన పాలగిన్నె పట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉంది. వాళ్ళ వెనక ఉదయగిరి బస్సు దిగి, సంచి చంకన పెట్టుకొని మస్తాన్ సాయిబు గారు నడిచి వస్తున్నాడు. నేను పళ్ళు తోముకుంటున్నాను. నోటినిండా నురగ.

"ఇంకా లేవలేదా జయరాజూ?" అన్నాడాయన, లోపలి మంచాల వైపు చూస్తూ. "నెలాఖరు నిన్నటితో అయిపోయింది గదయ్యా."

నురగ ఉమ్మి, "ఏం నెలాఖరండీ?" అన్నాను.

"ఇల్లు ఖాళీ చేస్తా ఉండాం అన్నావు గదా."

"సామాన్లండీ! ఇంట్లో సామాన్లు ఖాళీ చేస్తున్నానని చెప్పింది!"

"సామాన్లు ఏం చేసినావు?"

"వేరే గది అద్దెకు తీసుకొని అందులో పెట్టాను."

"ఇంట్లో సామాను తీసి, ఇంగో చోట అద్దెకు తీసుకోని పెట్టుకుంటే, దాన్ని తెలుగులో ఏమంటారు అయ్యోరా?"

బ్రష్షు చేతిలో పట్టుకొని నిలబడ్డాను. నాకు తెలిసిన నిఘంటువులన్నీ ఒక్కసారి తిరగేశాను. వేరే మాట దొరకలేదు.

"ఇల్లు ఖాళీ చేయడం అంటారండీ" అన్నాను.

ప్రమీల తలుపు దగ్గరికి వచ్చింది. లారీని చూసింది, పాలగిన్నెను చూసింది, చివరికి నన్ను చూసింది. "ఫోన్లో ఏం చెప్పినారు మీరు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి." ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయిబు గారు మంచివాడు. ఎండలో చెమట తుడుచుకుంటూ, "నాకేమన్నా సంతోషమా జయరాజూ? నువ్వు పోతానన్న రోజు నేను అన్నం తినలేదు. మాటంటే మాటే అన్నావని ఈ పిల్లోళ్ళకు మాటిచ్చినా. కలిగిరిలో వాళ్ళ ఇంట్లోకి అప్పుడే వేరేవాళ్ళు దిగినారు. వీళ్ళనేమని పొమ్మనేది? నువ్వే అడుగు. ఉండమంటే ఉండు" అన్నాడు.

అడగడానికి ఆ అమ్మాయి వైపు తిరిగాను. ఏదో జరిగిందని ఆమెకు తెలిసిపోయింది. చేతిలో గిన్నెలో పాలు అంచుదాకా ఊగుతున్నాయి. అడిగితే వాళ్ళు పోయేది రోడ్డు మీదికి. అడగకపోతే నా తల్లి కళ్ళు పోతాయి, రెండోసారి. నా నోరు, ఎప్పుడూ ఆగని నోరు, అప్పుడు ఆగిపోయింది.

"జయా, ఆ పిల్లని లోపలికి రమ్మను" అంది అమ్మ. మంచం మీద కూర్చొని అంతా విన్నది.

అమ్మాయి లోపలికి వచ్చింది. అమ్మ చెయ్యి చాచి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పాలు తొణకబాక. వంటింటి గడప ఎత్తు, కాలు పైకెత్తి పెట్టు. కుడిపక్క కొళాయి పొద్దున్నే సన్నంగా వస్తాది, తిట్టబాక, కాసేపటికి అదే సర్దుకుంటాది. వానొస్తే కిటికీ మూల తడుస్తాది, ఆడ పసిబిడ్డను పండుకోబెట్టబాక."

"పసిబిడ్డ లేదవ్వా" అంది అమ్మాయి.

"వస్తాదిలే, ఇల్లు మంచిదే" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "మాటిచ్చింది నువ్వు. ఇంటి మాట నిలబెట్టాల్సింది మేము. లేపరా నన్ను" అంది.

నా భుజం పట్టుకొని లేచింది. గుమ్మం దాటేటప్పుడు ద్వారబంధాన్ని ఒకసారి పై నుంచి కింది దాకా తడిమింది. నేను అటు చూడలేకపోయాను. లోపల పాలు పొంగిన వాసన వస్తోంది.

ఇక పోవడానికి చోటెక్కడ? మా సామాను ముందే పోయి కూర్చున్న చోటికే. చెంచురామయ్య గారి షట్టర్ల వెనక ఒక చిన్న పోర్షను ఉంది. మమ్మల్ని చూసి ఆయన ఆశ్చర్యపోలేదు. "నేను చెప్పలా? సామాను పిలిస్తే మనిషి రావాల్సిందే" అన్నాడు.

ఆ పోర్షను పాత ఇంట్లో సగం ఉంటుంది. అమ్మ గోడ పట్టుకొని నిలబడి ఉత్తరువు వేసింది: "షట్టర్లో ఉండేదంతా లోపలికి తే. ఒక్కటి గూడా మిగలకూడదు."

"పట్టదమ్మా."

"పట్టకపోతే నువ్వు బయట పండుకో. నాకు చేతికందేటట్టు ఏదో ఒకటి ఉండాల."

ట్రాలీ ఆటోలో నేను బయటికి పంపిన ప్రతి వస్తువునూ ఆటో కూడా లేకుండా నా భుజం మీద లోపలికి మోశాను. అమ్మ ఒక్కొక్కదాన్నీ తడిమి, ఎక్కడ పెట్టాలో చెప్పింది. రోజుల తరబడి గోడకు, డ్రమ్ముకు, నా మోకాలికి గుద్దుకుంటూ కొత్త దారి నేర్చుకుంది. నేను అలసిపోయి గోడకు ఆనుకున్నప్పుడు, కొత్త వంటింట్లోంచి తన కాఫీతో తానే నడిచి వచ్చి చెప్పింది:

"బియ్యం అయిపోతే గూడా ఖాళీ అయినాయి అనం గదరా ఇంట్లో. నిండుకున్నాయి అంటాం. అశుభం పలకగూడదని. నువ్వు బియ్యం గూడా గాదు, ఏకంగా ఇంటినే పట్టుకోని ఖాళీ అంటివి. పిల్లోళ్ళకు ఏం చెబతా ఉండావురా నువ్వు బళ్ళో?"

ఆ మాట నా గుండెల్లో నాటుకుంది. ఖాళీ అనే మాటను ఆ రోజే నా నోటి నుంచి వెళ్ళగొట్టాను. బడిలో బెంచీ ఖాళీగా ఉంటే "ఎవరూ లేని బెంచీ" అన్నాను. బస్సులో "ఈ సీటు ఖాళీయేనా?" అని ఎవరైనా అడిగితే లేచి నిలబడ్డాను. అలా జాగ్రత్తగా బతుకుతుండగా చెంచురామయ్య గారు ఫోను చేశాడు.

"ఏం అయ్యోరా, ఇంట్లో ఎట్టుండాది?"

సామాన్లతో కాలు పెట్టే సందు లేదని చెప్పాలి. ఏ మాటా జారకూడదు. శుభం పలకాలి. బాగా ఆలోచించి, గొంతు సవరించుకొని, స్పష్టంగా చెప్పాను:

"ఇంట్లో అంతా నిండుకుందండీ."

అవతల కాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దం ఎక్కడో విన్నట్టే ఉంది.

"అయ్యయ్యో, ముందే చెప్పగూడదా అయ్యోరా! పెద్దామెను పెట్టుకోని..." అని ఆయన ఫోను పెట్టేశాడు.

పొద్దుగూకక ముందే గుమ్మం ముందు ఆటో ఆగింది. బియ్యం మూట, కందిపప్పు, నూనె డబ్బా, పెద్ద గుమ్మడికాయ. ఎవరికీ చెప్పని ఆయన అలవాటు కొద్దీ, మరునాటికి చర్చి వాళ్ళు ఇంకో మూట పంపారు. ప్రమీల వాటిని చూసి, నన్ను చూసి, "ఈసారి ఏమన్నారు ఫోన్లో?" అని మాత్రం అడిగింది. అమ్మ అడగలేదు. తన దారికి అడ్డంగా వచ్చిన గుమ్మడికాయను చేత్తో తడిమి, గట్టిగా నవ్వింది. ఆ పాత గుమ్మం దాటాక ఆమె నవ్వడం అదే మొదలు.

కనుక పాఠకులారా, పంచభూతాల సాక్షిగా, నేను ఇంతకాలం మార్కులు కోసిన విద్యార్థులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై మా ఇల్లు ఎలా ఉందని ఎవరడిగినా ఖాళీ అని గానీ, నిండుకుందని గానీ, బాగుందని గానీ అనను. ఫోను ప్రమీలకిస్తాను. ఇలాంటి ప్రమాణం లేచి నిలబడి చెయ్యాలని నాకు తెలుసు. నిలబడే చోటు లేక బియ్యం మూట మీద కూర్చొని చేస్తున్నాను.